బూర్గుల వకీలుగారి సంతకాలు

మన ఊళ్ళో గవర్నర్‌పేట అనే మాట రోజుకి పదిసార్లు వినిపిస్తుంది. పటమటలో సిటీ బస్సెక్కి బందరు రోడ్డు పట్టుకుంటే కండక్టరు నోట ఎలాగూ వస్తుంది. 2019 నుంచి రాజ్‌భవన్ కూడా అదే రోడ్డు మీదకి వచ్చింది. అయినా గవర్నర్ ఏం చేస్తారని ఎవరైనా అడిగితే మనం తడుముకుంటాం. మంత్రులతో ప్రమాణం చేయిస్తారు, జెండా ఎగరేస్తారు, స్నాతకోత్సవంలో పట్టాలిస్తారు, బిల్లుల మీద సంతకాలు పెడతారు, అంతే కదా అంటాం.

ఆ చివరి మాట దగ్గర కాసేపు ఆగుదాం. ఒక సంతకం ఎంత దూరం పోతుందో, ఎన్నేళ్ళు వెంటాడుతుందో చెప్పే జీవితం మన తెలుగువాళ్ళలోనే ఒకటుంది. పోటీ పరీక్షలకి చదివేవాళ్ళకి ఆయన ఒక బిట్టు ప్రశ్నగా తెలుసు. హైదరాబాద్ రాష్ట్రంలో ఎన్నికల ద్వారా వచ్చిన ఏకైక ముఖ్యమంత్రి ఎవరు? జవాబు బూర్గుల రామకృష్ణారావు. టిక్కు పెట్టి తరువాతి ప్రశ్నకి వెళ్ళిపోతాం. ఆ టిక్కు వెనకాల ఒక వకీలు, ఒక పండితుడు, రెండు రాష్ట్రాలకి గవర్నర్‌గా చేసిన మనిషి ఉన్నారు.

ఆయన 1899 మార్చి 13న పాలమూరు ప్రాంతంలో పుట్టారు. బూర్గుల ఆయన ఊరి పేరు. సొంత ఇంటిపేరు మరుగున పడి ఊరి పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. హైదరాబాద్‌లో స్కూలు చదువు, పూనా ఫెర్గూసన్ కాలేజీలో డిగ్రీ, బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి లా పట్టా. తరువాత హైదరాబాద్ వచ్చి ప్రాక్టీసు మొదలుపెట్టారు.

నిజాం కాలంలో కోర్టులన్నీ ఉర్దూలో నడిచేవి. కక్షిదారు తెలుగువాడైనా, మరాఠీవాడైనా, కన్నడిగుడైనా కాగితం మాత్రం ఉర్దూలో ఉండాల్సిందే. బూర్గులకి ఉర్దూ, పారశీకం, సంస్కృతం, తెలుగు, మరాఠీ, కన్నడం, హిందీ, ఇంగ్లీషు అన్నీ వచ్చు. పారశీక కవిత్వం చదివి తెలుగులో పద్యం చెప్పగలిగిన మనిషి. అలాంటి వకీలు దగ్గరికి జనం రావడంలో ఆశ్చర్యం లేదు. ఆయన దగ్గర జూనియర్‌గా పనిచేసిన కుర్రాళ్ళలో పాములపర్తి వెంకట నరసింహారావు ఒకరు. అవును, 1991లో ప్రధానమంత్రి అయిన మన పీవీనే. ఆయనకున్న బహుభాషా పాండిత్యానికి ఆ ఆఫీసు మంచి చోటే దొరికిందన్నమాట.

ఉర్దూ అంత బాగా వచ్చిన ఈ మనిషి రాజకీయంలోకి వచ్చింది మాత్రం తెలుగు కోసం. 1921 నవంబర్‌లో హైదరాబాద్ వివేకవర్ధిని థియేటర్‌లో ఒక సంస్కరణ సభ జరిగింది. అక్కడ ఒకాయన తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గోల చేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం భరించలేక కొద్దిమంది తెలుగువాళ్ళు ఆంధ్రజనసంఘం పెట్టుకున్నారు. ఆ తొలి సభ్యుల్లో బూర్గుల ఒకరు. అదే పెరిగి పెద్దదై ఆంధ్ర మహాసభ అయింది. 1931లో దేవరకొండలో జరిగిన రెండో మహాసభకి ఆయనే అధ్యక్షుడు. గ్రంథాలయాలు, తెలుగు బడులు, వెట్టిచాకిరీ రద్దు, ఇవీ ఆ సభల్లో మాట్లాడుకున్న విషయాలు. తరువాత స్టేట్ కాంగ్రెస్‌లో చేరారు, జైలుకి వెళ్ళారు.

1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. 1950లో వెల్లోడి మంత్రివర్గంలో బూర్గుల రెవెన్యూ మంత్రి అయ్యారు. అప్పటికి తెలంగాణ పల్లెల్లో భూమి కోసం సాయుధ పోరాటం ఇంకా నడుస్తూనే ఉంది. ఒకవైపు కమ్యూనిస్టుల దళాలు, ఇంకోవైపు సైన్యం, మధ్యలో కౌలు రైతు. ఆ ఏడాదే వచ్చిన కౌలుదారీ చట్టాన్ని నడిపించాల్సిన బాధ్యత ఆయన శాఖది. 1952 ఎన్నికల్లో షాద్‌నగర్ నుంచి గెలిచి మార్చిలో ముఖ్యమంత్రి అయ్యాక, 1954లో ఆ చట్టానికి పెద్ద సవరణ వచ్చింది. రక్షిత కౌలుదారుకి తాను దున్నుతున్న భూమి మీద యాజమాన్య హక్కు వచ్చే దారి అందులో పెట్టారు. భూమి తుపాకీతో కాకుండా చట్టంతో పంచవచ్చని ఆయన నమ్మకం. ఎంత పంచారన్నది వేరే లెక్క. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కేరళలో మళ్ళీ అవసరం పడుతుంది.

ముఖ్యమంత్రిగా ఆయనకి తొలి ఏడాదే పెద్ద దెబ్బ తగిలింది. బయటి ప్రాంతాలవాళ్ళు దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో ఉద్యోగాలు తీసుకుంటున్నారని విద్యార్థులు రోడ్డెక్కారు. వరంగల్‌లో మొదలై హైదరాబాద్‌కి పాకింది. 1952 సెప్టెంబర్ మొదట్లో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డితో విచారణ వేశారు. తెలుగు మాట కోసం రాజకీయంలోకి వచ్చిన మనిషి పాలనలో మన వయసు కుర్రాళ్ళు కాల్పుల్లో చనిపోయారు. ఆయన జీవితం రాసేటప్పుడు దీన్ని పక్కన పెట్టడం కుదరదు.

ఇప్పుడు మొదటి సంతకం దగ్గరికి వద్దాం.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. రాజధాని విజయవాడ, గుంటూరు ప్రాంతంలో ఉండాలని మనవాళ్ళు గట్టిగా అడిగినా కర్నూలుకి వెళ్ళింది. అక్కడ ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. అలాంటప్పుడు అందరి కళ్ళూ హైదరాబాద్ మీద పడటం సహజం. బెజవాడ నుంచి కమ్యూనిస్టులు 1952లో మొదలుపెట్టిన దినపత్రిక పేరే విశాలాంధ్ర. తెలుగువాళ్ళందరికీ ఒకే రాష్ట్రం కావాలనే మాట కృష్ణా డెల్టాలో అంత బలంగా ఉండేది.

తెలంగాణలో లెక్క వేరు. 1955లో ఫజల్ అలీ కమిషన్ తొందరపడవద్దని చెప్పింది. తెలంగాణని ప్రస్తుతానికి హైదరాబాద్ రాష్ట్రంగా ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తరువాత శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే కలపమంది. అంటే బూర్గుల ఊరుకుంటే ఇంకో ఐదేళ్ళు ముఖ్యమంత్రి కుర్చీ హైదరాబాద్‌లో ఉండేది. తెలంగాణలో చాలామందికి విలీనం ఇష్టం లేదని ఆయనకి తెలుసు. ఆ సంగతి కాంగ్రెస్ అధ్యక్షుడికి రాశారు కూడా. కానీ భాషని బట్టి ఒక రాష్ట్రమనే ఆలోచనకి ఆయన మనసు ముందునుంచీ దగ్గరే. 1955 డిసెంబర్‌లో హైదరాబాద్ శాసనసభలో అభిప్రాయాలు తీసుకుంటే 103 మంది విశాలాంధ్ర వైపు, 29 మంది వ్యతిరేకంగా, 15 మంది తటస్థంగా నిలిచారు.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీ హైదరాబాద్ హౌస్‌లో రెండు ప్రాంతాల నాయకులు కూర్చున్నారు. తెలంగాణ వైపు బూర్గుల, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. ఆంధ్ర వైపు బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణ రాజు. పెద్దమనుషుల ఒప్పందం అని మనం చదివేది ఇదే. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం నుంచైతే ఉపముఖ్యమంత్రి ఇంకో ప్రాంతం నుంచి ఉండాలి. మంత్రివర్గంలో 60, 40 నిష్పత్తి. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణలోనే ఖర్చు పెట్టాలి. ఉద్యోగానికి 12 ఏళ్ళ స్థానిక నివాసం ఉండాలి. తెలంగాణకి ప్రాంతీయ మండలి ఉండాలి.

కాగితం మీద అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఆ కాగితాన్ని కోర్టుకి తీసుకెళ్ళి అమలు చేయించుకోగలమా? లేదు. అది చట్టం కాదు, మాట. పేరులోనే ఉంది కదా. ముప్పై ఏళ్ళుగా కోర్టుని ఎరిగిన వకీలుకి ఈ తేడా తెలియకుండా ఉండదు. ఐనా ఎదుటివాళ్ళ మాటని నమ్మి సంతకం పెట్టారు.

ఆ సంతకంతో ఆయన రాష్ట్రమే లేకుండా పోయింది. హైదరాబాద్ మూడు ముక్కలై మరాఠ్వాడా బొంబాయికి, కన్నడ జిల్లాలు మైసూరుకి, తెలంగాణ మనకి వచ్చాయి. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ పుట్టింది. అప్పటిదాకా ముఖ్యమంత్రులుగా ఉన్న బూర్గుల, గోపాలరెడ్డి ఇద్దరూ తప్పుకుంటే సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ తొలి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి పదవి లేదు. సిరా ఆరిందో లేదో, ఒప్పందంలో మొదటి షరతే పక్కకి పోయింది. అప్పటికి బూర్గుల చేతిలో అడగడానికి ఏ కుర్చీ లేదు. నవంబర్ 22న ఆయన కేరళ గవర్నర్‌గా తిరువనంతపురం చేరారు.

కేరళ కూడా ఆ నవంబర్ 1నే పుట్టిన రాష్ట్రం. పుట్టిన రోజు నుంచీ రాష్ట్రపతి పాలనే. 1957 ఎన్నికల్లో 126 స్థానాల్లో కమ్యూనిస్టు పార్టీకి 60 వచ్చాయి, ఐదుగురు స్వతంత్రులు తోడు నిలిచారు. ఏప్రిల్ 5న ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించింది మన బూర్గులే. ఒక్కసారి ఊహించండి. ఐదారేళ్ళ క్రితం వరకు తెలంగాణలో ఏ పార్టీ పోరాటాన్ని తన ప్రభుత్వం అణిచిందో, హైదరాబాద్ శాసనసభలో ఏ పార్టీవాళ్ళు తనకి ఎదురు కూర్చున్నారో, ఆ పార్టీ ప్రభుత్వానికే ఇప్పుడు ఆయన రాజ్యాంగబద్ధమైన పెద్ద.

ఆరు రోజులు తిరక్కుండానే వాళ్ళు ఒక ఆర్డినెన్సు తెచ్చారు. కౌలుదార్లని భూమి నుంచి వెళ్ళగొట్టడం ఆపాలని. ఆర్డినెన్సు అంటే గవర్నర్ పేరు మీదే రావాలి. ఏప్రిల్ 11న వచ్చింది. కౌలు రైతు సంగతి హైదరాబాద్‌లో చూసి వచ్చిన మనిషికి ఇది కొత్త విషయం కాదు. పార్టీ ఏదైనా మంత్రివర్గం సలహా ప్రకారం సంతకం పెట్టడం గవర్నర్ పని, ఆయన ఆ పని చేశారు. మొదట్లో అంతా సవ్యంగానే సాగింది.

చిక్కు విద్యా బిల్లుతో వచ్చింది. ప్రైవేటు స్కూళ్ళలో టీచర్ల నియామకం, జీతాల మీద ప్రభుత్వానికి పట్టు ఇచ్చే బిల్లు అది. కేరళలో స్కూళ్ళు ఎక్కువగా చర్చి చేతిలో, నాయర్ సంఘం చేతిలో ఉండేవి. టీచర్లకి అది న్యాయం, యాజమాన్యాలకి అన్యాయం. 1957 సెప్టెంబర్‌లో సభ దాన్ని ఆమోదించింది. బూర్గుల ఆమోదముద్ర వేయలేదు, తిప్పికొట్టనూ లేదు. రాష్ట్రపతి పరిశీలనకి పంపారు. రాష్ట్రపతి సుప్రీంకోర్టు సలహా అడిగారు. 1958 మే 22న కోర్టు ఇచ్చిన అభిప్రాయాన్ని మైనారిటీ విద్యాసంస్థల హక్కుల గురించి ఇప్పటికీ లా కాలేజీల్లో చదువుతారు. బిల్లుని సవరించి మళ్ళీ ఆమోదించుకున్నారు. 1959 ఫిబ్రవరిలో అది చట్టమైంది. అనుమానం ఉన్న చోట కోర్టుని అడగడం వకీలు పద్ధతి. ఈ రెండో సంతకాన్ని తప్పుపట్టడం కష్టం.

మూడోది అలా కాదు.

1959 జూన్ 12న మన్నత్ పద్మనాభన్ నాయకత్వంలో విమోచన సమరం మొదలైంది. చర్చి, నాయర్ సంఘం, కాంగ్రెస్, ముస్లిం లీగ్ అన్నీ ఒకవైపు. స్కూళ్ళకి తాళాలు, ఆఫీసుల ముందు పికెటింగ్‌లు, జైళ్ళు నిండిపోవడం. మర్నాడే అంగమాలిలో పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. జూన్ 22న నెహ్రూ తిరువనంతపురం వచ్చి అన్ని పక్షాలతో మాట్లాడారు, దారి దొరకలేదు. ఇందిరాగాంధీ అప్పుడు కాంగ్రెస్ అధ్యక్షురాలు.

గవర్నర్ నివేదిక ఢిల్లీకి వెళ్ళింది. ప్రజల్లో ఎక్కువమంది మద్దతు ఈ ప్రభుత్వం పోగొట్టుకుందన్నది దాని సారాంశం. జూలై 31న 356వ అధికరణం కింద నంబూద్రిపాద్ ప్రభుత్వాన్ని తీసేశారు, సభని రద్దు చేశారు. అప్పటికి సభలో ఆ ప్రభుత్వానికి మెజారిటీ అలాగే ఉంది.

ఇక్కడ మన రాష్ట్రంలో అంతకు ఐదేళ్ళ ముందు జరిగినదానితో పోల్చి చూడండి. 1954 నవంబర్‌లో కర్నూలులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటు తేడాతో అవిశ్వాసంలో ఓడిపోయింది. తరువాత రాష్ట్రపతి పాలన వచ్చింది. బాధ ఉండొచ్చు గానీ లెక్క అందరి ముందూ సభలో తేలింది. కేరళలో లెక్క సభలో తేలలేదు, రోడ్డు మీద జనాన్ని చూసి రాజ్‌భవన్‌లో తేల్చారు. రాజ్యాంగంలో అధికరణం ఉంది కాబట్టి చట్టప్రకారం గవర్నర్ నివేదిక పంపవచ్చు. ఆయన పక్షాన చెప్పాల్సింది కూడా ఉంది. రాష్ట్రం నిజంగానే స్తంభించింది, మనుషులు చనిపోతున్నారు, రెండు వర్గాలూ వెనక్కి తగ్గే స్థితిలో లేవు. ఆరు నెలల తరువాత, 1960 ఫిబ్రవరి ఎన్నికల్లో కాంగ్రెస్ కూటమి గెలిచింది. ఆయన అంచనా నిజమైందని కొందరంటారు. అదే ఎన్నికలో కమ్యూనిస్టుల ఓట్లు సుమారు 35 శాతం నుంచి 39 శాతానికి పెరిగాయి, సీట్లు మాత్రం సగానికి పైగా పడిపోయాయి. ప్రజల మద్దతు ఎటు పోయిందో ఈ అంకెలు చూసి మీరే చెప్పండి.

నాకు మాత్రం ఒకటి అనిపిస్తుంది. ఒప్పందం మీద సంతకం పెట్టినప్పుడు బూర్గుల దగ్గర చట్టం లేదు, నమ్మకం ఒక్కటే ఉంది. అది నిలబడలేదు. నివేదిక మీద సంతకం పెట్టినప్పుడు చట్టం ఉంది, ఎదుటి పక్షానికి ఆయన మీద నమ్మకం మిగల్లేదు. అదీ మచ్చలేకుండా నిలబడలేదు. ఇంత చదువు, ఇంత అనుభవం ఉన్న మనిషికే రెండూ ఒకచోట కలిసిరాలేదంటే ఆ కుర్చీలో కూర్చోవడం మనం అనుకున్నంత తేలిక కాదు.

ఆ దారి ఒకసారి పడ్డాక ఇక ఆగలేదు. 356 ఎన్నోసార్లు వాడారు. 1984 ఆగస్టు 16న మన కృష్ణా జిల్లా నిమ్మకూరు బిడ్డ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ రామ్‌లాల్ తొలగించినప్పుడు వాడింది 356 కాదు, మెజారిటీ పోయిందన్న మాట. కానీ జబ్బు అదే. సభలో తేలాల్సిన లెక్కని రాజ్‌భవన్‌లో తేల్చడం. పాతికేళ్ళ క్రితం మలయాళీలు పడ్డ బాధ ఏమిటో అప్పుడు మనకి తెలిసింది. జనం రోడ్డెక్కితే నెల తిరిగేసరికి సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. చివరికి 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, ప్రభుత్వానికి మెజారిటీ ఉందో లేదో చూడాల్సిన చోటు శాసనసభేనని.

బూర్గుల కథలో ఒక చిన్న విచిత్రం కూడా ఉంది. అప్పుడు ఉత్తరప్రదేశ్ గవర్నర్‌గా ఉన్నది ఇంకో తెలుగు వకీలు, డబ్లిన్‌లో లా చదివిన వి.వి. గిరి. 1960 జూలై 1న ఇద్దరూ కుర్చీలు మార్చుకున్నారు. గిరి కేరళకి, బూర్గుల లక్నోకి. ఉర్దూ, పారశీకం అంటే ప్రాణం పెట్టే మనిషికి లక్నో కంటే మంచి ఊరు ఏముంటుంది? 1962 ఏప్రిల్ వరకు అక్కడే ఉన్నారు. తరువాత 1966 దాకా రాజ్యసభ సభ్యులు. 1967 సెప్టెంబర్‌లో కన్నుమూశారు.

ఇంకో రెండేళ్ళు బతికి ఉంటే తన మొదటి సంతకం ఏమైందో కళ్ళారా చూసేవారు. 1969లో ఒప్పందం అమలు కాలేదని తెలంగాణ విద్యార్థులు లేచారు. 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పగానే ఇటువైపు జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది, దానికి మన విజయవాడే కేంద్రం. రెండు ఉద్యమాల్లోనూ ముందు నడిచింది, ముందు చనిపోయింది విద్యార్థులే. 2014 జూన్ 2న రెండు రాష్ట్రాలయ్యాయి. మనలో చాలామంది అప్పటికి ప్రైమరీ స్కూల్లో ఉన్నాం.

హైదరాబాద్ సచివాలయం పక్కన ఒక ప్రభుత్వ భవనం ఉంది. పాత సచివాలయం ఖాళీ చేసినప్పుడు, 2019 నుంచి 2023లో కొత్తది తెరిచేదాకా, తెలంగాణ ప్రభుత్వం ఆ భవనం నుంచే నడిచింది. వార్తల్లో బీఆర్కే భవన్, బీఆర్కే భవన్ అని విని ఉంటారు. బూర్గుల రామకృష్ణారావు భవన్ అన్నమాట. తెలంగాణని ఆంధ్రతో కలపడానికి సంతకం పెట్టిన మనిషి పేరున్న కప్పు కింద, విడిపోయిన తెలంగాణ నాలుగేళ్ళు తన ఫైళ్ళ మీద సంతకాలు పెట్టుకుంది. ఈసారి బిట్టు ప్రశ్నలో ఆయన పేరు కనిపిస్తే టిక్కు పెట్టండి. ఆ తరువాత వీలైతే ఆ ఒప్పందంలోని షరతుల్ని ఒకసారి తీసి చదవండి. పెద్దది కాదు, పది నిమిషాల్లో అయిపోతుంది.